తల వంచని రాజకుమారి

అరకు లోయ మొత్తంలో ఎలుగుబంటిని వరస కలిపి పిలిచి, కుశలం అడిగి, వచ్చిన దారినే వెనక్కి పంపిన ఆడమనిషి మా చిన్నమామ్మ రాజకుమారి ఒక్కతే. పనసచెట్టు కింద నల్లగా కదిలినదాన్ని చూసి, "ఏటి బావా, ఇంత పొద్దున్నే వచ్చీసినావు, అప్ప కులాసాయేనా?" అని పలకరించింది. అది రెండు కాళ్ల మీద లేచి, ఏం చెప్పాలో తోచక, సిగ్గుపడి అడవిలోకి వెళ్లిపోయింది. నమ్మని వాళ్లు నమ్మకండి.

మామ్మ అన్నానని ముసలిదనుకునేరు. ఆమెకు ముప్పై ఆరేళ్లు. మా సొంత మామ్మ యర్రమ్మకు ఆఖరి చెల్లెలు. ఆమె పుట్టగానే తల్లి పోతే యర్రమ్మే చంకనేసుకుని పెంచింది. కొడుకునీ చెల్లెల్నీ ఒకే ఉయ్యాలలో ఊపింది. వరసకి మామ్మ కాబట్టి నేను మామ్మా అనే పిలుస్తాను. సంతలోనైతే నలుగురూ తిరిగి చూసేలా పిలుస్తాను. ఆమె కొట్టడానికి చెయ్యెత్తేది గాని, నేను నాలుగడుగులు పక్కకి జరిగితే ఎటు కొట్టాలో తెలిసేది కాదు.

పుట్టు చూపే అంత. ముక్కు దగ్గర పెడితే చీమ కాళ్లు కూడా లెక్కపెడుతుంది. మూరెడు దాటితే మనిషో మానో పోల్చుకోలేదు. ఊళ్లో వాళ్లను నడకని బట్టీ, దగ్గుని బట్టీ గుర్తుపట్టేది. ఆశ్రమ పాఠశాలలో చదివినప్పుడు ఒక పంతులు సోడాబుడ్డి కళ్లద్దాలు ఇప్పించాడు. అప్పటినుంచీ అద్దాలు మారాయి గాని, వాటి మందం పెరగడమే తప్ప తరగలేదు. అవి పెట్టుకున్నా దూరం మసకే.

ఆమె పని మిరియాలు కోయడం. కాఫీ మొక్కలకి నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మా తోటలో మిరియాల తీగలు పాకుతాయి. కణుపుల దగ్గర కొమ్మ మొదళ్లు వదిలేసి చెక్కిన ఒంటి వెదురుగడే మాకు నిచ్చెన. దాన్ని చెట్టుకి కట్టి, నడుముకి గోనెసంచి చుట్టుకుని, పైదాకా ఎక్కి గెలలు కోయాలి. రాజకుమారి ఎక్కితే తీగకి నొప్పి తెలియదు. కోయాల్సిన గెల ముఖానికి ఎదురుగానే ఉంటుంది కాబట్టి అక్కడ ఆమె చూపుకి తిరుగులేదు. చిక్కల్లా కిందికి చూసినప్పుడే. తల వంచితే కళ్లద్దాలు జారేవి. దారంతో కట్టుకున్నా చెమటకి జారేవి.

నిరుడు కోతల్లో అవి జారి, రాయి మీద పడి పగిలాయి. ఆమె కంటికి కింద నేల లేదు, పచ్చటి పొగ ఉంది. గడని కరుచుకుని ఉండిపోయింది. యర్రమ్మ మోకాళ్ల నొప్పితోనే పైకెక్కి, చెల్లెలి పాదాలు ఒక్కొక్కటే పట్టుకుని కణుపు మీద పెడుతూ దింపింది. నేల తాకగానే వీపు మీద ఒక్కటిచ్చి, పక్కకి తిరిగి ఏడ్చింది.

"ఇంక నువ్వు సెట్టెక్కవు. కింద కూకుని గెలలు నులుము," అంది.

యర్రమ్మ మాట మా ఇంట్లో జవాబు లేని మాట. రాజకుమారి కింద కూర్చుని గెలలు నులిమి గింజలు రాల్చింది. పైనెక్కిన వాళ్లు పండని గెలలు కూడా దూసేస్తుంటే పళ్లు కొరుక్కుంది. ఊళ్లో నడిచేటప్పుడు ఆమె సగం గుడ్డిదే. చెట్టు మీదే అందరితో సమానం, ఒక పిసరు ఎక్కువ కూడా. ఇప్పుడు ఆ చోటు పోయింది.

అలాంటప్పుడే, కాఫీ తోటలకి తిరిగే ఉద్యోగి కామేష్ ముఖాన కళ్లద్దాలు మాయమయ్యాయి. విశాఖలో లేజర్ చేయించుకున్నానని చెప్పాడు. ఆ మాట చెవినపడ్డ మర్నాడే ఆమె నన్ను తోడు తీసుకుని రైలెక్కింది.

ఆసుపత్రిలో డాక్టర్ జయశ్రీ రకరకాల యంత్రాల ముందు కూర్చోబెట్టి చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "అమ్మా, లేజర్ అంటే కంటి ముందున్న పలచని పొరని చెక్కి సరిచేయడం. మీ పొర అసలే పలచన. పవరేమో చాలా ఎక్కువ. అంత చెక్కితే పొర నిలవదు. మీకు లేజర్ చెయ్యను."

"అయితే ఎనక్కి ఎల్లిపోమంతారా?" అంది చిన్నమామ్మ. ఆ గొంతు విని నాకు వెక్కిరించాలనిపించలేదు.

"ఇంకో దారుంది. ఏదీ చెక్కకుండా, కంటి లోపలే చిన్న లెన్స్ పెడతాం. లోపల దానికి చోటుంది, కొలిచాను. మీ సొంత కటకం అలాగే ఉంటుంది. అవసరమైతే మేము మళ్లీ తీసెయ్యొచ్చు కూడా."

తొమ్మిదిలో ఆగిపోయిన నా సైన్సుకి అర్థమైనంత చెబుతాను. కంట్లో రంగుగా ఉండే చక్రం వెనక, పుట్టుకతో వచ్చిన కటకానికి ముందు, మెత్తటి పారదర్శకమైన రేకుని సర్దుతారు. ముందు ఒక కంటికి, కొన్నాళ్లకి రెండో కంటికి చేశారు. రెండో కట్టు విప్పాక ఆమె గోడ మీది గడియారం చూసి టైము చెప్పింది. తర్వాత నన్ను చూసి, "నీకు మీసాలొచ్చినాయేటి?" అంది.

అంతా బాగుందనుకున్నాం. కాని ఊరికొచ్చాక ఆమె మెడ వంగడం మానేసింది.

నిండు బిందె నెత్తిన పెట్టుకున్నట్టు నడిచేది. చేటని ముఖం ఎత్తుకి లేపి సామలు చెరిగేది. వెల్లకిలా తప్ప పడుకునేది కాదు. పెళ్లింట్లో పెద్దల కాళ్లకి దండం పెట్టమంటే నిటారుగా నిలబడి చేతులు జోడించింది. పట్నం కళ్లు పెట్టించుకుని పొగరెక్కిందని నలుగురూ అనుకున్నారు. నేనైతే పోలీసు మామ్మా అని పిలిచాను.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అసలు సంగతి బయటపడింది. యంత్రం ముందు గడ్డం ఆనించమంటే కర్రలా బిగుసుకుపోయింది. నొప్పా అని డాక్టరమ్మ అడిగింది.

"నొప్పి కాదమ్మా. తీసెయ్యొచ్చు అన్నారు కదా. తీత్తే వచ్చీది, తల వొంచితే పడిపోదా?"

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, లెన్స్ అంచులు లోపలి గాడిలో ఎలా ఒదిగి ఉంటాయో బొమ్మ గీసి చూపించింది. ఆపరేషన్ గదిలో తాము తీస్తే తప్ప రాదంది. చెట్టెక్కొచ్చు, కళ్లు మాత్రం నలపకూడదు, కంటి వెనక పొర చూపించుకోవడానికి ఏటా రావాలి అంది. రాజకుమారి రెండు అరచేతులూ కళ్ల కింద దోసిలి పట్టి, మెల్లగా తల వంచింది. ఆ దోసిట్లో కన్నీళ్లు తప్ప ఏమీ పడలేదు.

యర్రమ్మని ఒప్పించడం అంత తేలిక కాలేదు. "డాక్టరమ్మ మన సెట్టెక్కినాదా?" అంది.

కోతలు మొదలైన రోజున యర్రమ్మ వాకిట్లో తెల్ల పంచె పరిచింది. "తలంటుకున్న జుట్టు దులిపినట్టు దులుపు. గట్టిగా."

రాజకుమారి వంగి, జుట్టంతా ముందుకేసుకుని, మెడ పట్టేసేదాకా దులిపింది. యర్రమ్మ కింద కూర్చుని పంచె అంతా అరచేత్తో తడిమింది. రెండు వెంట్రుకలూ, ఒక పిన్నీసూ దొరికాయి. పంచె మడిచి, గడ భుజానికెత్తుకుని తోటలోకి నడిచింది.

గడని చెట్టుకి తనే కట్టింది. దాని మొదలు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. చిన్నమామ్మ నడుముకి గోనె చుట్టుకుని కణుపు కణుపూ ఎక్కి, ఆకుల్లోకి వెళ్లి, అక్కడ ఆగి కిందికి చూసింది. యర్రమ్మ గడని ఇంకా బిగించి పట్టుకుంది.

"పడ్డాదేటే?"

"లేదప్పా. నీ నడినెత్తి మీద జుట్టు పల్చబడిపోనాది, సూసుకున్నావా?"

యర్రమ్మ ఏదో తిట్టింది గాని, ఆమె చేతులు గడ మీద అప్పుడు వదులయ్యాయి.

అంత ఎత్తు నుంచి మొదటిసారి లోకాన్ని చూస్తున్న మనిషి ఏం చెబుతుందో వినాలని నాకు ఆశ పుట్టింది. కొండలు చూసి ఉంటుంది, పసుపు వలిసెపూలు వాడిపోయిన మళ్లు చూసి ఉంటుంది, సొరంగంలోంచి వచ్చే రైలు చూసి ఉంటుంది అనుకుని, మెడ పైకెత్తి అరిచాను.

"మామ్మా, అక్కణ్ణించి ఏటవుపిస్తంది?"

"నువ్వు సేతులు కట్టుకుని నిల్సున్నట్టు అవుపిస్తంది. గోనె పట్టు."