మిత్రదేశాలకు నేను చేసిన రాజీ

రెండు దేశాల స్నేహాన్ని ఒక్క పూటలో చెడగొట్టడానికి సైన్యం అక్కర్లేదు. కోడుమూరు షామియానావాడు ఒకడు చాలు. ఆ ఘనుణ్ని నేనే.

బడికీ నాకూ ఏడో తరగతిలోనే దౌత్య సంబంధాలు తెగిపోయాయి. అప్పటినుంచి పందిళ్లూ కుర్చీలే నా చదువు. ఒకరోజు ఢిల్లీ నుంచి ఒక అధికారిణి ఫోన్ చేశారు. ఆమెది వేంపల్లె.

"కర్నూలు బయట అతిథిగృహంలో రెండు దేశాలవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. సాయంత్రానికి ఇద్దరూ ఒకే కాగితానికి ఒప్పుకోవాలి. మర్యాదలో ఎవరికీ తక్కువ కాకూడదు. ఇది బాగా జరిగితే వచ్చే నెల సదస్సుకు పందిళ్లన్నీ మీవే."

వచ్చే నెల పందిళ్లు! ఆ రాత్రి కలలో కూడా గుంజలే పాతాను. దేశాలైతేనేం? రెండు పక్షాలు, మధ్యలో ఒక కాగితం. అంటే రాజీ! బోరుబావుల తగాదాలకూ, గట్టు తగాదాలకూ ఎన్ని రాజీలకు కుర్చీలు వేయలేదు నేను!

రాజీకి మా దగ్గర పద్ధతులున్నాయి. ఒకరి చొక్కా ఇంకొకరికి అందనంత దూరంలో కుర్చీలుండాలి. విసరడానికి పనికొచ్చేది ఏదీ బల్ల మీద ఉండకూడదు. చెప్పులు బయటే విడవాలి, కోపమొస్తే ముందు లేచేవి అవే గనక. కార్లు గేటువైపు మూతి పెట్టి ఉండాలి. నీళ్లిచ్చేవాడు ముందు తాను తాగి చూపించాలి.

నాతో పనిచేసే మస్తాన్ భాయ్‌కి అనుమానం వచ్చింది. "ఏమప్పా నరసింహా, వీళ్లు దోస్తులంట గదా?"

"రాజీకొచ్చేటోళ్లంతా ఒకప్పుడు దోస్తులే భాయ్!"

ఆ మాటకు నాకు నేనే శాలువా కప్పుకోవాలనిపించింది.

ఆ దేశాల పేర్లు చెప్పనని మాటిచ్చాను. చెబుదామన్నా నోరు తిరగదు. ఒకటి కొండదేశం, ఇంకొకటి సముద్రదేశం అనుకోండి. కొండదేశం పెద్దాయన, సముద్రదేశం పెద్దామె గేటు దగ్గర వియ్యంకుల్లా నవ్వుకుంటూ దిగారు. బూట్లు విప్పించాను. పెద్దాయన మేజోడులోంచి బొటనవేలు బయటికొచ్చి అందరికీ నమస్కారం పెట్టింది. బూట్లు విప్పడం మా ఆచారమనుకుని పాపం ఇద్దరూ చిరునవ్వే నవ్వారు.

హాలు చూడగానే, ఢిల్లీ నుంచి వచ్చిన ఆ అధికారిణి మేడమ్ ముఖం సున్నం కొట్టిన గోడ అయింది. అప్పటికే వాళ్లు చెరో గోడకు కూర్చున్నారు. ఇప్పుడు కుర్చీలు జరపాలంటే ముందు ఎవరు లేవాలన్నది ఇంకో చర్చ అవుతుంది. ఇల్లలకగానే పండగ కాదంటారు. కుర్చీలు వేయగానే సభ కూడా కాదని అప్పుడే తెలిసింది.

ఆ దూరానికి మాట వినపడదు. ఆయన గొంతు పెంచాడు. ఆమె ఇంకాస్త పెంచింది. కాసేపటికి "మీరు కుశలమా" అన్నా "నీ అంతు చూస్తా" అన్నట్టే వినిపించసాగింది.

అప్పుడు మస్తాన్ భాయ్ నీళ్లు తెచ్చాడు. ఇద్దరి గ్లాసుల్లోంచీ వాళ్ల ముందే ఒక్కో గుక్క తాగి, మిగిలిన నీళ్లు గంభీరంగా అందించాడు. పెద్దామె ఏదో అడిగింది. వాళ్ల మాటలు మాకూ, మా మాటలు వాళ్లకూ చెప్పే దుబాసీ నావైపు తిరిగాడు.

"ఈయన ముందు ఎందుకు తాగాడని అడుగుతున్నారు."

"ఇసం లేదని సూపియ్యనీకి సార్."

ఆ దుబాసీ నిజాయతీపరుడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. పెద్దామె ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆయన కిటికీలోంచి కార్లను చూశాడు.

"అవి అలా ఎందుకు నిలబెట్టారంటున్నారు?"

"ఉరకాల్సొస్తే సులువుగా ఉంటాదని."

అదీ చెప్పేశాడు! ఇద్దరూ ఒక్కసారే లేచి బూట్ల కోసం వెతకసాగారు. మేడమ్ నన్ను వరండాలోకి లాక్కుపోయారు. ఢిల్లీ తెలుగు ఎటుపోయిందో, వేంపల్లె దిగింది.

"ఏం చేస్తాండావప్పా నువ్వు?"

"రాజీ మేడమ్..."

"రాజీనా? వాళ్ల మధ్య తగాదా యాడ ఉండాది?"

"ఇప్పుడుండాది గదా మేడమ్."

ఆమె చూసిన చూపుకు షామియానా అంటుకోవాల్సింది. విసురుగా లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. మా రాజీ పద్ధతులన్నీ వాళ్లకు వివరించినట్టుంది. మస్తాన్ భాయ్, నేనూ మెట్ల మీద కూర్చున్నాం. లోపల అరుపులు. ఉన్నట్టుండి పెద్ద నవ్వు. ఆ వెంటనే కుర్చీలు ఈడ్చిన చప్పుడు.

పొద్దువాలుతుండగా మేడమ్ కాగితంతో బయటికొచ్చారు.

"ఒప్పుకున్నారా మేడమ్?"

"ఒప్పుకున్న్యారు. మొదటి మాట కాడ ఇద్దరూ ఒక్కటైపోయినారు. మిగతావన్నీ దాని ఎనకాలే వచ్చినాయి."

"ఏంది మేడమ్ ఆ మొదటి మాట?"

"సదస్సుకు పందిరి నువ్వు వెయ్యగూడదని."

మర్నాడే మంత్రాలయం వెళ్లి, తుంగభద్రలో మునిగి, తడిబట్టలతో ప్రమాణం చేశాను: ఈ జన్మలో స్నేహితులు కూర్చునే చోట కుర్చీ వేయను. మీకేదైనా తగాదా ఉంటే మాత్రం మొహమాటపడకండి. చెప్పులు బయట విడిచి రండి, నీళ్లు నేనే ముందు తాగి ఇస్తాను.