ఆయనకు సూది, నాకు సబ్జా నీళ్లు

పెళ్లయిన మరుసటేడు మిరప కల్లంలో రంగు చెడిన తాలుకాయలు ఏరే రోజుల్లో నాకు ఒంటికి వెళ్లినప్పుడల్లా మంట పట్టుకుంది. పొత్తికడుపులో పోటు. మా అత్తగారికి చెబితే, "పొద్దస్తమానం కాయల్లో కూర్చుంటే వేడి చెయ్యదా ఏంటి?" అంది. మా అద్దంకి వైపు ఆడదానికి ఏ మంట వచ్చినా ఆ పాపం మిరపకాయదే. సబ్జా నీళ్లు తాగించింది, కడుపు మీద ఆముదం రాయించింది. ఏం తగ్గుతుంది, నా మొహం!

అది సెగరోగమని మా ఆయనకు తెలుసు. కాయ అమ్మడానికి గుంటూరు వెళ్లి, సానికొంపలో తగిలించుకొచ్చిందే ఆయన. ఆ ఊళ్లోనే పెన్సిలిన్ సూది వేయించుకుని, జ్వరానికని మాకు చెప్పి నిక్షేపంలా తిరుగుతున్నాడు. నాకు మాత్రం సల్ఫా బిళ్లలు పొట్లం కట్టించుకొచ్చి, "వేడికి మంచివి, మింగు" అన్నాడు. కాస్త మంట తగ్గగానే, ఇంగ్లీషు మందు ఇంకా వేడని మా అత్తగారు మిగతావి పారబోసింది. ఆయన చూస్తూ ఊరుకున్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. ఊరంతా గొడ్రాలంటుంటే, పుట్టింటికని చెప్పి గుంటూరులో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ పరీక్ష చేసి, ఆయన సూది సంగతీ నా బిళ్లల సంగతీ అడిగి, "మీ ఆయనకు సూదితో రోగం చచ్చింది. నీకు ఆ అరకొర బిళ్లలతో మంటే తగ్గింది. రోగం లోపలే ఉండి గర్భం దారి మూసేసింది. ఆనాడే నీకూ సూది పడుంటే పిల్లలు పుట్టేవాళ్లమ్మా" అంది. ఇంటికొచ్చి ఆయన్ని నిలదీస్తే, "మగాణ్ణి, ఎట్లా చెప్పుకోమంటావు?" అన్నాడు. అత్తగారితో అంటే, మొగుడి మీద నింద వేస్తున్నానని శాపనార్థాలు పెట్టింది. పిల్లల కోసమని ఆయనకు రెండో పెళ్లి చేసింది.

ఆయన గుంటూరు బుద్ధి మారలేదు. కొత్తపిల్లకీ కల్లంలో అదే మంట మొదలైంది. మా అత్తగారు సబ్జా నానబెడుతుంటే నా ఒళ్లు మండిపోయింది. గిన్నె పెరట్లో పారబోసి, ఆ పిల్లనీ ఆయన్నీ బస్సెక్కించి గుంటూరులో ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లి, ఇద్దరికీ నా కళ్లముందే సూదులు వేయించాను. తర్వాత ఆ పిల్లకి కొడుకు పుట్టాడు.

బారసాల నాడు మా అత్తగారు అందరి ముందూ నన్ను చూపించి, "దీనిది మొదట్నుంచీ వేడి ఒళ్లు. చిన్నదాని కడుపు చల్లటిది" అంది. మా ఆయన పక్కనే ఉయ్యాల ఊపుతున్నాడు.