రోకలితో మొదలైన ఊరు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, మా అందరిదీ ఒకటే తొందర: రాష్ట్రమే వచ్చినప్పుడు ఊరెందుకు రాదు? మాది కేతేపల్లి వైపు వాగొడ్డున గొర్ల కాపరుల పల్లె. ఇళ్లున్నాయి, మందలున్నాయి, మా బాపు కిరాణా కొట్టుంది. ఊరన్న పేరు మాత్రం లేదు. కాగితాల్లో మేం వాగవతలి పెద్దూరికి శివారు. రేషన్ బియ్యానికైనా పింఛన్‌కైనా అవతలికే పోవాలి. వానాకాలం వచ్చిందంటే ముసలమ్మలు చీరలు ఎగ్గట్టి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని వాగు దాటేవాళ్లు. తీరా పోతే, "శివారోళ్లు జర పక్కకు జరుగుండ్రి" అనేవారు. (అలా పక్కకు జరిగీ జరిగీ శివారయ్యామేమో.)

తగినంత జనముంటే మాలాంటి పల్లెలకూ సొంత పంచాయతీ ఇస్తారని తెలిసింది. జనాన్ని రాసుకోవడానికి ఒక సారు మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. నేనప్పుడు డిగ్రీ పరీక్షలు రాసి, బాపు కొట్లో కూర్చుని, కొసరు అడిగినవాళ్లతో వాదించడమే ఉద్యోగంగా బతుకుతున్నాను. సారు వెంట తిరిగే పని నాకు నేనే ఇచ్చుకున్నాను. ఇల్లిల్లూ తిరిగి, లెక్క కూడి, సారు పెదవి విరిచాడు.

"తక్కువ పడ్డరమ్మా. మీ దిక్కు పిల్లలే లేరా ఏంది?"

పిల్లలు లేకపోవడమేమిటి! పొద్దున్నే మా కొట్టు ముందు బిస్కెట్ల కోసం జుట్లు పట్టుకున్నవాళ్లంతా ఏమయ్యారు? నేను ఆలోచిస్తుండగానే పెద్దవ్వ గొర్ల దొడ్డిలోంచి తుమ్ము వినిపించింది. గొర్రె తుమ్ము కాదది. తడిక తీసి చూస్తే పల్లె పిల్లలంతా గొర్రెపిల్లల మధ్య నోళ్లు మూసుకుని కూర్చున్నారు.

పెద్దవ్వ పల్లెకంతటికీ పెద్ద. ఆమె చెబితే ముసలమ్మలంతా మనవలను తెచ్చి అక్కడ దాచారు.

"మందనే లెక్కబెట్టం, బిడ్డలను లెక్కబెడ్తమా? దిష్టి కొట్టదా?" అంది నడుం మీద చేతులు పెట్టుకుని.

"అవ్వా, దిష్టి గిష్టి ఏం ఉండదు. లెక్కకు రాకుంటే ఊరు రాదు. మళ్ల పింఛన్‌కు వాగు దాటాలె."

"దాటుత. నడుం దాంక నీళ్లొచ్చినా దాటుత. పోరగాండ్లను మాత్రం ఇయ్య."

నేను బేరానికి దిగాను. సగం మందినైనా ఇమ్మన్నాను. ఇవ్వనంది. అంగట్లో నాకు తెలిసిన పెద్ద ఎత్తు, వద్దనుకుని వెళ్లిపోతున్నట్టు నటించడం. నటించాను. ఆమె తడిక వేసుకుంది.

సారు అప్పటికే హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు. బాపు చాయ్ పేరుతో ఆయన్ని ఆపాడు. నేను మళ్లీ తడిక దగ్గరికి పరుగెత్తాను.

"అవ్వా, మొన్న వాగుల నీ చెల్లె జారిపడితే పెద్దూరోళ్లు ఏం చేసిండ్రు?"

తడిక వెనక నుంచే జవాబొచ్చింది.

"నవ్విండ్రు."

"ఊరు రాకుంటే రేపు ఈ పోరగాండ్లను చూసి నవ్వుతరు."

తడిక కొంచెం తెరుచుకుంది. "షావుకారి బిడ్డవే గదా, చెప్పు. మీ బాపు వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అంటడా?"

"అనడు. లాభం అంటడు. ఆ తర్వాత రెండు."

"గట్లనే కొలువుండ్రి. ముందుగాల రోకలిని. తగిలే దిష్టి రోకలికే తగలనీ."

అలా ప్రతి గడపకూ అడ్డంగా ఒక రోకలి పడింది. బాపు రోకలిని చూపి "లాభం" అని, పిల్లల దగ్గర "రెండు, మూడు" అంటూ పోయాడు. సారు మొదట నవ్వాడు, తర్వాత తల పట్టుకున్నాడు.

"రోకలిని గూడ రాయాల్నా?"

"రాయకండ్రి సార్, పలికితే చాలు. ఇంటికొకటి తీసెయ్యుండ్రి," అన్నాడు బాపు.

జీవితంలో మా బాపు లాభం తీసేసి లెక్క కట్టింది ఆ ఒక్క రోజే. అయినా జనం సరిపోయారు, మిగిలారు కూడా. మిగిలినదాన్ని కొసరు కింద రాసుకోమన్నాను.

ఊరొచ్చింది. రోడ్డు పక్కన పేరుతో బోర్డు నిలబడింది. రేషన్ మా దగ్గరికే వచ్చింది. అది తెచ్చుకున్న మొదటి రోజు పెద్దవ్వ వాగొడ్డుకు పోయి, అవతలి వైపు చూసి, "ఇగ మీరు జరుగుండ్రి పక్కకు!" అని అరిచొచ్చింది. నాకు పెళ్లి కుదిరినప్పుడు, నేను పోతే ఊరి లెక్క తగ్గుతుందని బేరమాడి ఆయన్నే ఇల్లరికం తెచ్చుకున్నాను. ఇప్పుడు వాగు మీద వంతెనుంది, రెండు వైపులా ప్లాట్ల రాళ్లున్నాయి, ఏది ఎవరి శివారో చెప్పడం కష్టం. పెద్దవ్వ లేదు.

ఈ మధ్య ఎవరో కుర్రాడు ఫోన్‌లో వివరాలు ఎక్కించుకోవడానికి వచ్చి, "పిల్లలెందరు మేడం?" అన్నాడు. పెద్దవ్వకు దిష్టి గురించి పాఠం చెప్పిన డిగ్రీ నాకింకా ఉంది, గోడకు వేలాడుతోంది. ఇంట్లో రోకలి లేదు. లోపలికి పోయి మిక్సీ జార్ తెచ్చి గడపలో పెట్టాను.

"ఇదేంది మేడం?"

"లాభం. నువ్వు రెండు నుంచి మొదలువెట్టు, తమ్మీ."