సగమయ్యే గడువు

మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే పక్కింటి అయ్యవారు మొన్న శనివారం తెల్లవారుజామున పోయారు. కాలేజీలో మా ఇద్దరి తరగతులకూ మధ్య ఒకే గోడ. నేను పద్యం ఎత్తుకుంటే గొంతు తగ్గించమని ఆయన గోడ మీద తట్టేవారు. ఇప్పుడు ఎంత అరిచినా అడిగేవారు లేరు.

అణువుల పాఠం తెలుగులో చెప్పాలని ఆయన పట్టుదల. రేడియో ధార్మిక పదార్థం తరిగి సగమవడానికి పట్టే కాలానికి మాట కావాలంటే, తెలుగు పండితుణ్ణి కదా, 'అర్ధాయువు' అని ఇచ్చి మురిసిపోయాను. ఆ మాట చెవినబడగానే ఆయన భార్య వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. పసుపుకుంకుమలున్న ఇంట్లో అర్ధాయువేమిటని నన్ను కడిగేసింది. మర్నాటినుంచి ఆయన పాఠంలో అది 'సగమయ్యే గడువు' అయింది. రెండు గడువులకు మొత్తం అయిపోతుందని పిల్లలు అనేవారు. మిగిలినదాంట్లోనే సగం పోతుందని ఆయన మళ్లీ మొదటినుంచి చెప్పేవారు. మీలో ఆయన దగ్గర చదివినవారుంటే ఆ ఓపిక గుర్తుండే ఉంటుంది. లెక్కలంటే పారిపోయే నాకు కూడా అది తలకెక్కింది ఆయన వల్లే.

పోయినేడు ఆయన గొంతులోని థైరాయిడ్ గ్రంథికి రాచపుండు, అదే క్యాన్సర్, బయటపడింది. రేడియో అయొడిన్ మందు తాగాలన్నారు మద్రాసు డాక్టర్లు. అది ఇంగ్లండు నుంచి విమానంలో రావాలి. దాని సగమయ్యే గడువు ఎనిమిది రోజులు. ఏ కాగితం అడ్డుపడిందో, రెండు గడువులు దాటాక గానీ ఆసుపత్రికి చేరలేదు. నేను చూడబోయేసరికి, ఇక అందులో ఏమీ మిగల్లేదని ఆయన భార్య ఏడుస్తోంది.

"ఏడవొద్దు. ఇంగా పావు ఉండాది," అన్నారాయన మంచం మీంచి. ఆమె నీళ్లు తేవడానికి వెళ్లాక నావైపు తిరిగి, "పావు సాలదప్పా," అన్నారు.

ఆ పావే తాగి ఇంటికొచ్చారు. నాకు ఆశ అప్పుడే పోయింది. ఆమె ముందు మాత్రం ఉన్నట్టే నటించాను.

డాక్టర్లు రెండో మోతాదుకు రాశారు. శనివారం ఆయన్ని దహనం చేసి వచ్చిన సాయంత్రం తంతి అందింది. మందు మద్రాసు చేరిందట, ఈసారి ఆలస్యం కాలేదట, వెంటనే బయలుదేరమన్నారు.

ఆమె నాచేత రెండుసార్లు చదివించుకుంది. "ఇంగెవురికన్నా ఇచ్చేయమని తంతి కొట్టన్నా," అంది. "ఊరికే పెడితే తరిగిపోతాది."

తంతి ఆఫీసుకు పరుగెత్తాను. తలుపు మూసి ఉంది. సోమవారం పొద్దున గానీ తీయరని పక్క కొట్టతను చెప్పాడు. అక్కడే అరుగు మీద కూలబడ్డాను. మద్రాసులో, మూత తీయని సీసాలో, ఆ మందు తరిగిపోతూనే ఉంది.