ఆర్విడ్ గారి మెత్తని హెచ్చరిక

ఆర్విడ్ టాలెఫ్సన్‌కి మనిషిని భయపెట్టడం చేతకాదు. మామూలు మనిషికైతే అది మంచి గుణమే. కానీ ఆయన ఉద్యోగమే జనాన్ని భయపెట్టడం. మోంటానా కొండల మధ్య టామరాక్ లోయలో వరదొచ్చినా, మంచు తుఫానొచ్చినా, అడవి అంటుకున్నా, అక్కడున్న ప్రతి సెల్‌ఫోనూ ఒక్కసారిగా కీచుమని అరిచేలా హెచ్చరిక పంపవలసిన అధికారి ఆయన. ఫోను అరుపు ఎలాగూ గుండెలవిసేలా ఉంటుంది. దాని కింద కనిపించే నాలుగు ముక్కలూ ఆర్విడ్ రాసేవాడు. అవి చదివాక లేచి పరిగెత్తాలో, కుర్చీ వేసుకుని కూర్చోవాలో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఎదురుగా ఉన్నవాళ్లకు చెప్పడమైనా ఇదే వరస. ఒక చలికాలం పొద్దున ఆఫీసు మెట్ల మీద మంచు గడ్డకట్టింది. పై మెట్టు మీద ఉత్తరాల సంచీతో పోస్ట్‌మాన్ నిలబడి ఉన్నాడు. "మెట్లు జారుతున్నాయి" అంటే సరిపోయేది. ఆర్విడ్ మాత్రం, "కంగారేం లేదు గానీ, నిన్న నేనూ పడ్డాను, పెద్దగా దెబ్బేం తగల్లేదు, ఆ మూడో మెట్టు ఉంది చూశారూ..." అని మొదలుపెట్టాడు. ఆయన మాట మూడో మెట్టుకు చేరేలోపు పోస్ట్‌మాన్ కింది మెట్టుకు చేరిపోయాడు, వీపు మీద.

ఆర్విడ్ పక్క బల్ల దగ్గర రోండా పికెట్ కూర్చునేది. ఆయన రాసినదాన్ని కత్తిరించి మూడువందల అరవై అక్షరాల్లో ఇరికించడం ఆమె పని. అంతకు మించి ఒక్క అక్షరం కూడా ఫోన్లలోకి పోదు. ఆర్విడ్‌కి ఆ హద్దు పొడుగు మనిషికి పొట్టి దుప్పటి లాంటిది. కాళ్లు కప్పితే తల బయట, తల కప్పితే కాళ్లు బయట.

ఆ వసంతంలో ఫోన్లన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి ఒక పరీక్ష సందేశం పంపాల్సి వచ్చింది. రాజధాని నుంచి నమూనా వచ్చింది. "ఇది పరీక్ష మాత్రమే. మీరేమీ చెయ్యనక్కర్లేదు." ఆర్విడ్ దానికి తోకలా, "పసిబిడ్డ లేచి ఉంటే క్షమించండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే ఒకసారి చూసుకోండి" అని తగిలించాడు. కాసేపటికే ఈ వ్యవహారాలన్నిటికీ పై అధికారిణి డ్రూరీ గారు రాజధాని నుంచి ఫోన్ చేసింది.

"టాలెఫ్సన్ గారూ, క్షమించమని ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదండీ. కానీ లేచే ఉంటారు కదా."

"ఎవరు?"

"పసిబిడ్డలు."

"ప్రభుత్వం క్షమాపణలు చెప్పదండీ."

"అందుకేనండీ, నేను చెప్పాను."

రోండా తల బల్లకేసి కొట్టుకోబోయి, బల్ల మీద కాఫీ ఉందని మానుకుంది.

మరోసారి బడి పరిసరాల్లో ఎలుగుబంటి తిరిగింది. "పిల్లల్ని లోపల ఉంచండి. దానికి ఆకలి ఎక్కువ, కోపం తక్కువ" అని పంపాడు ఆర్విడ్. మళ్లీ డ్రూరీ గారి ఫోను. దాని కోపం సంగతి మీకెలా తెలుసని ఆవిడ, రెండేళ్లుగా చూస్తున్నానండీ అని ఈయన. ఆ మాట ఊళ్లో పాతుకుపోయింది. ఏ ఇల్లాలినైనా మీ ఆయన ఎలాంటివాడంటే, "ఏముంది, ఆకలి ఎక్కువ, కోపం తక్కువ" అనేది.

హెచ్చరికలు లేని రోజుల్లో ఆర్విడ్ ఆఫీసులో దొరికేవాడు కాదు. ఏదో ఒక ఇంట్లో కాఫీ తాగుతూ ఉండేవాడు. బిట్టర్ క్రీక్ వాగు ఎగువన రోండా మేనమామ ఆన్సెల్ ఒక్కడే ఉండేవాడు. అక్కడికి వెళ్తే పూట గడిచిపోయేది.

"అంతసేపు ఏం మాట్లాడారు మా మావయ్యతో?" అనేది రోండా.

"నేనేం మాట్లాడలేదమ్మా. కూర్చున్నాను."

"జీతం ఇచ్చేది కూర్చోవడానికా?"

"మరి నిలబడితే ఆయనకి ఇబ్బందిగా ఉంటుంది కదా."

ఆన్సెల్ అంటే రోండాకి ఎప్పుడూ బెంగే. అంతకు రెండు వేసవుల ముందు కొండ అంటుకున్నప్పుడు ఆర్విడ్ మోకాలి ఆపరేషనుకి వెళ్లి ఉన్నాడు. రోండాయే హెచ్చరిక పంపింది. ఒక్క పొల్లు మాట లేకుండా, నమూనా ఎలా ఉంటే అలా. "తక్షణం ఖాళీ చేయండి. ఇది ఆజ్ఞ." డ్రూరీ గారు మెచ్చుకుంది కూడా. ఆన్సెల్ మాత్రం ఫోను చూసి, "ఆజ్ఞా? మా ఆవిడ గ్రెటా పోయాక నాకు ఆజ్ఞ వేసే మనిషి లేదు" అని నీళ్ల గొట్టం పట్టుకుని ఇంటి కప్పెక్కి కూర్చున్నాడు. పోలీసులు వచ్చి బతిమాలినా దిగలేదు. గాలి తిరగబట్టి మనిషి దక్కాడు.

ఈసారి ఆగస్టులో పిడుగుపడి కట్టర్ కొండ అంటుకుంది. మధ్యాహ్నానికల్లా గాలి వాగు వైపుకి మళ్లింది. రోండా గబగబా టైపు చేస్తోంది. ఆర్విడ్ వెనక నిలబడి చెబుతున్నాడు.

"కట్టర్ కొండ మీద మంట. బిట్టర్ క్రీక్ వాళ్లంతా ఇప్పుడే బయల్దేరండి. ఏటి రోడ్డున రండి, కొండ రోడ్డు వద్దు."

"చాలు, పంపేస్తున్నా."

"ఆగమ్మా. కుక్కలూ పిల్లులూ కోళ్లూ అన్నీ బడికి రావచ్చు. ఒంటి మీద బట్టలతోనే రండి."

"వెనక గుమ్మం తాళం సంగతి కూడా చెప్పమంటారా?"

"అది వద్దులే, చోటు లేదు. కానీ చివర ఇంకొక్క మాట. బడిలో పినకిల్ పేకాటకి ఒక చెయ్యి తక్కువైంది."

రోండా చేతులు ఆగిపోయాయి. "కొండ తగలబడుతుంటే పేకాటేమిటండీ? మీకు మతి ఉందా?"

"ఉంచమ్మా."

"డ్రూరీ గారు మనిద్దరి ఉద్యోగాలూ పీకేస్తుంది."

"నాది పీకుతుంది. నీ సంగతి నేను మాట్లాడతాను. పంపు."

ఆ గొంతులో మెత్తదనం ఎప్పటిలాగే ఉంది. బతిమాలడం మాత్రం లేదు. వాదించే వ్యవధీ లేదు. రోండా పంపేసింది. వెంటనే ఆమె ఫోనూ, ఆర్విడ్ ఫోనూ, వీధిలో పోతున్న వాళ్ల ఫోన్లూ కీచుమన్నాయి.

ఆర్విడ్ ఆఫీసులోనే వైర్‌లెస్ దగ్గర ఉండిపోయాడు. రోండా ఎదురుగా ఉన్న బడికి పరిగెత్తింది. ఆటల హాల్లోకి జనం రావడం మొదలైంది. హుల్డా అనే ముసలావిడ రెండు బుట్టల నిండా కోళ్లతో వచ్చింది. "వీటిని వదిలి రానని ఎప్పుడో అన్నాను ఆర్విడ్‌తో. నాకోసమే రాశాడు చూడు" అంది మురిసిపోతూ. ఒళ్లంతా కందెన పూసుకున్న మెకానిక్ ఒకడు గుమ్మంలోనే ఆగి, "ఒంటి మీద బట్టలతోనే అన్నారు, అందుకే వచ్చాను" అన్నాడు. వచ్చిన ప్రతివాళ్లూ ఆ సందేశంలో ఏదో ఒక ముక్క తమదేనన్నారు. రోండా వాళ్ల మాటలు సగమే వింటోంది. కళ్లు గుమ్మం మీద, ఫోను చెవి దగ్గర. ఆన్సెల్ ఎత్తడం లేదు.

కిటికీ అవతల పొగ నారింజ రంగుకి తిరిగింది. వాగు వైపు వెళ్లిన పోలీసులు ఇక పైకి వెళ్లలేమని కబురు పంపారు. రోండా కారు తాళాలు చేతిలోకి తీసుకుంది.

అప్పుడు వచ్చాడు ఆన్సెల్. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చంకలో ఒక దిండు పెట్టుకుని.

"ఆలస్యమైందే రోండా. గడ్డం గీసుకునేసరికి ఇంతసేపైంది. చెయ్యి తక్కువైంది ఎవరికి?"

రోండా ఎదురు పరిగెత్తింది. ఆయన్ని వాటేసుకుంది.

"సరే, సరే. బల్లేదీ?"

బల్లా లేదు, ఆటా లేదు. హాలంతా కోళ్లున్నాయి. "ఇప్పుడే వేస్తున్నారు మావయ్యా" అని రోండా, పుట్టి బుద్ధెరిగి ఆయనతో అబద్ధం ఆడనిది, పరుగున వెళ్లి భోజనాల బల్ల ఒకటి ఈడ్చుకొచ్చింది. అప్పుడే లోపలికి వస్తున్న ఆర్విడ్ మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"మీకెలా తెలుసు, ఈయన వస్తాడని?"

ఆర్విడ్ బూట్లకేసి చూసుకున్నాడు. "గ్రెటా పోయాక మీ మావయ్య రోజూ నలుగురికీ ముక్కలు పంచుతాడమ్మా. నాలుగు చేతులూ తనే ఆడతాడు. నేను పక్కన కూర్చునేవాణ్ణి. మంటొస్తోంది పొమ్మంటే పోయే రకం కాదు. ఆటకి రమ్మంటే మాత్రం..."

ఆన్సెల్‌తో పాటు ఆర్విడ్, రోండా కూర్చున్నారు. నాలుగో చెయ్యి కోసం వెతుకుతుండగా గుమ్మంలో డ్రూరీ గారు కనిపించింది. మంట సంగతి చూడ్డానికి రాజధాని నుంచి బయల్దేరి, దారిలో ఆ సందేశం చదివి, మొహం గంటు పెట్టుకుని వచ్చింది. ఆవిడ నోరు తెరిచేలోపు ఆన్సెల్ కుర్చీ లాగాడు. "మీరేనా అమ్మా నాలుగో మనిషి? కూర్చోండి, ఇప్పటికే ఆలస్యమైంది."

ఆమె కూర్చుంది. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ నేర్పిందట.

ఆన్సెల్‌కి జతగా ఆర్విడ్ పడ్డాడు. ఆట ఆయనకి సగమే వచ్చు. ఆ సగం కూడా, "కంగారు పడకండి గానీ, నా దగ్గర ఇస్పేటు ఆసుంది" అని ఎదుటివాళ్లకు ముందే చెప్పి ఆడేవాడు. ఆన్సెల్ నుదురు పట్టుకున్నాడు. "ఏమోయ్ ఆర్విడ్, ఇక్కడ కూడా హెచ్చరికేనా?"

సాయంత్రం ఒక పోలీసు వచ్చి వంగి ఆన్సెల్ చెవిలో చెప్పాడు. ఇంటి గోడలు నిలిచాయి, కప్పు పోయింది. ఆన్సెల్ తన ముక్కల్ని మూసి, మళ్లీ విప్పి, వరసగా సర్దుకున్నాడు.

"ఆట ఎవరిది?" అన్నాడు.

డ్రూరీ గారిది. కానీ ఆవిడ ముక్క వెయ్యకుండా ఆర్విడ్ వైపు ఒరిగి, గొంతు తగ్గించి అడిగింది. "టాలెఫ్సన్ గారూ, మీరా సందేశం పంపినప్పుడు ఇక్కడ ఆట లేదు కదూ?"

"లేదండీ."

"అంటే ప్రభుత్వం పంపిన హెచ్చరికలో అబద్ధం రాశారు."

"అబద్ధం కాదండీ, లెక్క తప్పింది" అన్నాడు ఆర్విడ్ నొచ్చుకుంటూ. "ఒక చెయ్యి తక్కువని రాశాను. నాలుగూ తక్కువే."

డ్రూరీ గారు తన చేతిలో ముక్కలకేసి చూసింది. తర్వాత ఒక రాణిని తీసి, బల్ల అదిరేలా వేసింది.