చెప్పులు బయట విడువవలెను

నా చేతిలో పడ్డాక బతకని కంప్యూటర్ లేదని తొంభైల్లో నల్లగొండంతా చెప్పుకుని తిరిగేదాన్ని. అందులో అబద్ధం పెద్దగా లేదు. హైదరాబాద్ ఆఫీసులు పనికిరావని పడేసినవి, లోపల బల్లులు గుడ్లు పెట్టినవి, ఎలుకలు వైర్లు కొరికినవి ముందేసుకుని కూర్చుంటే రెండు మూడు రోజుల్లో ఏదో ఒకటి కళ్ళు తెరిచేది. మూడు చచ్చినవాటిని కలిపితే ఒకటి లేస్తుంది, అదీ నా లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు గానీ, నేనే ఒకసారి తప్పాను. ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు, అప్పుడు మాత్రం చచ్చేంత సిగ్గుపడ్డాను.

మాది పానగల్. మా అవ్వ జీవితమంతా పరాయి పొలాల్లో నాట్లేసింది. నాయిన దవాఖానలో అటెండరుగా చేరి ఇంట్లోకి మొదటి జీతం తెచ్చాడు. నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాను. ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టడమేమిటని అడిగినవాళ్ళకు గరిటె కన్నా తేలికని చెప్పేదాన్ని. రోజూ సైకిలు మీద నల్లగొండ వచ్చి, గడియారం చౌరస్తా దగ్గర ఒక రేడియో రిపేరు దుకాణంలో కూర్చునేదాన్ని. దుకాణం యజమానిని ఊరంతా చాచా అనేది, నేనూ అదే అనేదాన్ని. ఆయన రేడియో సామాను కోసం హైదరాబాద్ పోయినప్పుడల్లా తుక్కు కింద అమ్మేసిన పాత కంప్యూటర్లు బస్సు మీద వేయించుకుని తెచ్చేవాడు. తెచ్చి నా ముందు పెట్టి, ఇది నా తరం విద్య కాదు, నువ్వే చూసుకో అని తన టంకం కడ్డీ తీసుకుని పక్కకు జరిగేవాడు.

ఆ పని గుర్తొస్తే ఇప్పటికీ నా వేళ్ళు ఊరుకోవు. మూత విప్పగానే ఎర్రమట్టి దుమ్ము, గోడలకు సున్నం వేసే కుంచెను చిన్నగా కత్తిరించి దాంతో దులపడం. ర్యామ్ పట్టీల అంచున బంగారు రంగు పళ్ళుంటాయి, వాటిని బడిపిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్దితే సగం రోగం అక్కడే పోయేది. మరలన్నీ చాచా జర్దా డబ్బాల్లో ఉండేవి, అందుకే నేను బాగుచేసిన కంప్యూటర్లన్నీ కొన్నాళ్ళు జర్దా వాసన కొట్టేవి. చాలావాటి లోపలి బ్యాటరీ ఎండిపోయి ఉండేది. స్విచ్చి వేసిన ప్రతిసారీ అది తనను తాను పంతొమ్మిది వందల ఎనభై జనవరి ఒకటో తారీకులో అనుకునేది. నేను అప్పటికి పలక బలపంతో తిరిగే పిల్లను. పొద్దున్నే దానికి ఇవాళ్టి తారీకు చెప్పాలి, లోపల ఉన్న హార్డ్ డిస్కు ఏ రకమో కూడా చెప్పాలి, ఆ నంబరు మూత మీద స్కెచ్ పెన్నుతో రాసిపెట్టేదాన్ని.

నేను తప్పింది ఆపా దగ్గర. ఆపా అంటే మా టైపు టీచరు. ఇంటి ముందు గదిలో పదకొండు మిషన్లు పెట్టుకుని ఇరవై ఏళ్ళు నల్లగొండకు టైపు నేర్పిన మనిషి. నేను కూడా పదో తరగతి అయ్యాక అక్కడే నేర్చుకున్నాను. మీటల మీద గుడ్డ కప్పి కొట్టించేది. తల వంచి వేళ్ళు చూసుకున్నామా, ఫుట్ స్కేలు కొస మణికట్టు మీద పడేది. "కండ్లు కాయితం మీదుండాలె, వేళ్ళను నమ్మాలె" అనేది. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో, ఫుట్ స్కేలు రుచి కూడా అన్నిసార్లు చూశాను.

అయితే టౌన్లో కంప్యూటర్ సెంటర్ల బోర్డులు లేచాయి. అద్దాల తలుపులు, లోపల చల్లగాలి. ఆపా దగ్గర పొద్దున ఆరు నుంచి నిండుగా నడిచే బ్యాచ్‌లు తగ్గి తగ్గి రెండు మిగిలాయి. ఒకరోజు ఆమె నేరుగా చాచా దుకాణానికి వచ్చి, తనకో కంప్యూటర్ తయారుచేసి పెట్టమంది. ముందు తను నేర్చుకుంటుందట, పదో తరగతి ఫలితాలు వచ్చి పిల్లలు చేరే వేళకు నేర్పుతుందట. అప్పటికీ రాకపోతే ఇన్‌స్టిట్యూట్ మూసేస్తుందట. నాకు స్కేలుతో నేర్పిన మనిషి నా దగ్గర నేర్చుకుంటానని వస్తే గర్వం నెత్తికెక్కదా? ఎక్కింది.

ఆ కంప్యూటర్ మీద నేను పెట్టిన శ్రద్ధ ఇంక దేని మీదా పెట్టలేదు. మూడు చచ్చినవాటిలోంచి మంచి మంచి భాగాలు ఏరి కూర్చాను. తుప్పుపట్టిన రేకు డబ్బాను గరుకు కాయితంతో రుద్ది రుద్ది మెరిపించాను. రంగు వేద్దామని చాచా అంటే వద్దన్నాను, ఆ మెరుపు నా చేతి పని మరి. ఏప్రిల్లో తీసుకుపోయి ఆపా గదిలో పెట్టి రెండు నియమాలు చెప్పాను. దుమ్ము లేవకుండా పొద్దున్నే షాబాదు బండలు తడిగుడ్డతో తుడవాలి. చెప్పులతో ఎవరూ లోపలికి రాకూడదు. ఆపా వెంటనే తెలుగు మిషన్లో కాయితం ఎక్కించి, "చెప్పులు బయట విడువవలెను" అని కొట్టి తలుపుకు అంటించింది. నేను మాత్రం నా రబ్బరు చెప్పులు విప్పలేదు. డాక్టరు ఆపరేషను గదిలో జోళ్ళు విప్పుతాడా అని నా ధీమా. ఎర్త్ ఉందా అని అడిగితే, వైరింగు చేసినప్పుడే పెరట్లో గుంత తీసి పెట్టారని ఆపా చెప్పింది. సాకెట్టుకు మూడో బొక్క కూడా కనిపించింది. నాకు అది చాలింది.

వారం కాకముందే ఆపా అన్నది, "బిడ్డా, గిది కొడ్తాంది" అని.

మన భాషలో కొట్టడమంటే ఎన్ని లేవు! టైపు కొడతాం, కరెంటు కొడుతుంది, ఎండ కొడుతుంది. టైపు మిషన్ మీద చేయి తిరిగినవాళ్ళు మీటల్ని బాదుతారు కదా, కంప్యూటర్‌లో ఒక్క దెబ్బకు అక్షరాలు ఎక్కువ పడుతున్నాయి కాబోలనుకుని, "గట్టిగ కొట్టకుండ్రి ఆపా, మెల్లగ కొడితే సాలు" అన్నాను. అది కాదు, నన్ను కొడ్తాంది, ఫ్లాపీ పెట్టబోతే చేయి జివ్వుమంటాంది అన్నది. నేను వెంటనే అరచేయి తీసుకుపోయి రేకు డబ్బా మీద ఆనించాను. ఏమీ లేదు. అటు తిప్పి ఇటు తిప్పి పెట్టాను. ఏమీ లేదు. టైపు నేర్చుకునే ఇద్దరు పిల్లలు అక్కడే ఉన్నారు, వాళ్ళు నవ్వుతారని తెలిసే అన్నాను, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఆపా" అని. పిల్లలు నవ్వారు. ఆపా తన కుడిచేతి వేళ్ళను ఎడమ చేత్తో ఒకసారి రాసుకుంది.

ఆ తర్వాత ఆమె మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నేను పోయినప్పుడల్లా చెప్పినవి శ్రద్ధగా రాసుకునేది. ఫ్లాపీ పెట్టాల్సి వస్తే కొంగు పట్టుకుని దాంతోనే తాకేది. దుమ్ము అంటకూడదని ఎంత జాగ్రత్త అనుకుని లోలోపల మెచ్చుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాన్ని నేను, ఆ కొంగును చూసి కూడా నాకు అనుమానం రాలేదు.

మే చివర్లో చాచా చేత ఆపా కబురు పంపింది. కంప్యూటర్ తీసుకుపొమ్మందట. టైపు మిషన్లను కూడా ఇచ్చేస్తుందట, తుక్కు బండి వాడికి చెప్పిందట. నా వేళ్ళు ఇంక పనికిరావు, వయసైపోయింది అన్నదట. ఫలితాలు ఇంకో వారంలో వస్తాయనగా ఈ మాట. నాకు ఆమె మీద జాలి కలగాల్సింది పోయి ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి కూర్చిన మిషన్ను వద్దంటుందా అని విసురుగా లేచాను. ఆ విసురుకే చౌరస్తా దాటుతుండగా కుడి చెప్పు తెగింది. తెగినదాన్ని చేత్తో పట్టుకుని ఒక చెప్పుతో కుంటితే నలుగురూ నవ్వుతారని రెండోదీ విప్పాను. నల్లగొండ మే నెల తారు రోడ్డు, కోడిలా ఎగురుతూ ఆపా ఇంటిదాకా పోయాను.

గదిలో బండలు అప్పుడే తుడిచినట్టున్నారు, తడి ఆరలేదు. కాలిన అరికాళ్ళకు ఆ చల్లదనం ఎంత హాయిగా తగిలిందో చెప్పలేను. పదకొండు టైపు మిషన్లు అప్పటికే గోడ పక్కన వరుసగా పేర్చి ఉన్నాయి. కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది, చివరిసారి చూసుకోవాలనిపించిందేమో. నేను పలకరింపు కూడా లేకుండా పోయి డబ్బా మీద చేయి వేశాను.

కొట్టింది.

గుంజేసినంత కాదు. మోచేయిదాకా జివ్వుమని పాకింది. చేయి తీసి, వేలి వెనక భాగంతో మళ్ళీ ముట్టాను. మళ్ళీ కొట్టింది. అప్పుడు నా కాళ్ళ వైపు చూసుకున్నాను. నెలన్నరగా రబ్బరు మీద నిలబడి నీదంతా భయమని చెప్పింది నేనే. ఆమె చెప్పులు విప్పించింది నేనే, కాళ్ళ కింద బండలు తడిపించింది నేనే, రంగు వేయనీయకుండా ఉత్త ఇనుము ఆమె చేతికిచ్చింది నేనే. ఇంకేం మిగిల్చాను?

"ఆపా, గిది కొడ్తాంది" అన్నాను.

"నాకు తెల్వదా బిడ్డా? నేను చెప్పిన గద. నువ్వు లేదంటివి, నా చెయ్యే అబద్ధం చెప్తాందేమో అనుకున్న" అన్నది ఆపా.

కరెంటు కన్నా అదే గట్టిగా తగిలింది నాకు. వేళ్ళను నమ్మమని ఇరవై ఏళ్ళు ఊరికి నేర్పిన మనిషి, నా మాట విని తన వేళ్ళను నమ్మడం మానేసింది. అందుకే తుక్కు బండి వాడికి కూడా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ నిలబడే స్వభావం కాదు గనుక పెరట్లోకి నడిచాను.

ఎర్త్ గుంత కట్టెల మోపు కింద దొరికింది. పైనున్న బండ జరిపి చేయి పెడితే మట్టి వేడిగా ఉంది, పైపుకూ మట్టికీ నడుమ వేలు పట్టేంత సందు. ఆ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి, ఎండాకాలం రోజూ నీళ్ళు పోస్తేనే కరెంటు భూమిలోకి దిగుతుంది. లేకపోతే ముట్టినవాళ్ళ ఒంట్లోంచే దారి చూసుకుంటుంది. నల్లా రెండు రోజులకొకసారి వచ్చే చోట, తాగడానికే కరువైతే గుంతకెవరు పోస్తారు? ఇది ఐటీఐలో మొదటి ఏడాది పాఠం. చౌరస్తాకు ఉత్త కాళ్ళతోనే పోయి కల్లుప్పు తెచ్చాను, చాయ్ హోటల్లో బొగ్గులు అడుక్కొచ్చాను. గుంత తవ్వి అన్నీ కూరాక, ఆపా బట్టలకని దాచిన రెండు బిందెల నీళ్ళు మోసుకొచ్చి తనే పోసింది. భూమి గుటకలేసినట్టు చప్పుడు చేసింది.

లోపలికొచ్చి తడి బండల మీద ఉత్త కాళ్ళతో నిలబడి, రెండు అరచేతులూ డబ్బా మీద పెట్టాను. ఏమీ లేదు. ముట్టమని ఆపాకు చెప్పలేదు, చెప్పే హక్కు నాకు లేదనిపించింది. ఆమే కొంగు వదిలేసి వచ్చి, ఒక వేలితో ముట్టి, తర్వాత చేయంతా పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. మీటల మీద టైపు మిషన్ గుడ్డ కప్పింది. పక్కన పాత పాఠం కాయితం నిలబెట్టి, దాని మీంచి చూపు తిప్పకుండా పేజీ మొత్తం కొట్టింది. నేను తెర మీద వెతికాను, ఒక్క తప్పు లేదు.

"మద్దెల ఓడే బిడ్డా" అన్నది, నా వైపు చూడకుండానే.

తుక్కు బండి వాడు వస్తే నేనే తిప్పి పంపాను. ఆ జూన్‌లో ఆపా దగ్గర కంప్యూటర్ నేర్చుకోవడానికి ఎనిమిది మంది చేరారు, మరుసటి ఏడాదికి నేను ఇంకో రెండు కూర్చి ఇచ్చాను. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు ఆమె ఆ గుంతలోనే పోసేది. పక్కింటివాళ్ళు అడిగితే కంప్యూటర్‌కు తాపుతున్నా అని చెప్పేది.

కానీ నాకు బాగా గుర్తున్నది గుంత బాగుచేసిన మర్నాటి పొద్దు. కొత్త చెప్పులేసుకుని, నిన్నటి సిగ్గంతా ఇంటి దగ్గరే వదిలేసి, అలవాటుగా లోపలికి అడుగు పెట్టబోయాను. ఆపా గుమ్మంలో ఫుట్ స్కేలు పట్టుకుని నిలబడి ఉంది. తలుపు మీద కాయితం కొత్తది, ఈసారి రెండు వరుసలున్నాయి. స్కేలు కొసతో రెండోది చూపించి చదవమంది.

"మరమ్మతు చేయువారు సైతం" అని పైకి చదివాను. చెప్పులు విప్పి లోపలికి పోయాను.