అత్తగారి సీటు

బండి మార్చినందుకు నేను ఈరోజుకీ చింతించడం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. తరవాత సంగతి విని "అయ్యో, తొందరపడి కొనేసిందే పాపం" అని ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది.

పదకొండేళ్ళు క్రూయిజర్ నడిపాను. ఎత్తు తక్కువ సీటు, వెడల్పాటి హ్యాండిలు, కాళ్ళు ముందుకి చాపుకుని పడక్కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే బండి. ఏలూరులో మా ఇంటి నుంచి నేను లెక్కలు చెప్పే బడికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలకి అంతకన్నా హాయైన బండి ఉండదు. అది డుబుడుబుమంటూ గేటు దాటితే చాలు, పిల్లలు లోపల పుస్తకాలు తెరిచేవారు.

ఆపైన నన్ను తాడేపల్లిగూడెం బదిలీ చేశారు. పోనూ రానూ దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, అంతా హైవే. అప్పుడు తెలిసింది పడక్కుర్చీ సుఖం. గాలంతా వచ్చి గుండెల మీద తన్నేది. కాళ్ళు ముందుకి చాపి ఉండటంతో గతుకు తగిలినప్పుడల్లా ఆ దెబ్బంతా నడుముకే. భీమడోలు వచ్చేసరికి దిగి నిలబడాల్సి వచ్చేది. మా ఆయన బండంటేనే హడలిపోయే మనిషి. "రైల్లో పోవచ్చు కదా" అన్నారు. "రైలు నా కోసం ఆగదు, దాని కోసం నేను పడిగాపులు పడను" అన్నాను. నా నోరు అంతే, ఏం చెయ్యను.

స్పోర్ట్ టూరర్ తీసుకోవాలని అప్పుడే తేల్చుకున్నాను. ముందు గాలికి అడ్డంగా అద్దం, కాస్త ముందుకి వంగి కూర్చునే సీటు, కాళ్ళు సరిగ్గా మన కిందే ఉంటాయి. షోరూములో ఇచ్చిన బండి తీసుకుని హైవే మీద అటూ ఇటూ తిరిగొచ్చాను. దిగేసరికి నడుం ఉందన్న సంగతే గుర్తు లేదు. ఇంకో ఆలోచన లేకుండా, పాత బండి వాళ్ళకే ఇచ్చేసి ఇది మాట్లాడుకున్నాను.

మా మావగారు పురోహితులు. మా పేటలో ఎవరు బండి కొన్నా పూజ చేసేది ఆయనే. ఇక సొంత కోడలి బండంటే ఊరుకుంటారా! వారం చూశారు, ముహూర్తం పెట్టారు, నంబరు అంకెలన్నీ కూడి చూశారు, నా నక్షత్రానికి ఏ రంగు పడుతుందో చూశారు. ఇంటిల్లిపాదీ ఇన్ని చూశాం. వెనక సీటెలా ఉందో మాత్రం ఒక్కరం చూడలేదు.

ఆ వెనక సీటు మా అత్తగారిది. పదకొండేళ్ళుగా ఆవిడదే. క్రూయిజర్ కొన్న కొత్తలో, పురోహితుల ఇంటి కోడలు అంత బండి నడపడమేమిటని వీధిలో చెవులు కొరుక్కున్నారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ" అని అందరికీ వినబడేలా అని, నా భుజం పట్టుకుని వెనకెక్కి కూర్చున్నారావిడ. మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

నెలలో రెండు ఆదివారాలు మా ప్రయాణం కొల్లేటి అంచున ఉండే ఊరికి. అక్కడ ఆవిడ చెల్లెలుంటుంది. ఆ చెల్లెలికి మోకాళ్ళు పూర్తిగా పోయాయి, వాకిలి దాటలేదు. బస్సు మెయిన్ రోడ్డు మీదే దింపేస్తుంది. అక్కణ్ణించి చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు, నడవలేనంత దూరం. ఆటోలో ఒకసారి వెళ్ళొచ్చి మా అత్తగారు నాలుగు రోజులు మంచం దిగలేదు. కాబట్టి ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలంటే నా బండి వెనక సీటే దిక్కు.

కొత్త బండికి మా ఇంటి ముందు పూజ జరిగింది. గుమ్మడికాయ కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారు. "మొదట అత్తయ్యగారే ఎక్కాలి" అన్నాను గర్వంగా. ఆవిడ సీటు వంక చూశారు, నా వంక చూశారు. క్రూయిజర్ సీటు ఆవిడ నడుం కంటే కిందుండేది. ఇది అంతకి చాలా పైనుంది. పక్కింటివాళ్ళు స్టూలు తెచ్చి వేశారు. ఎప్పటిలాగే చీరతో, రెండు కాళ్ళూ ఒకవైపే వేసుకుని కూర్చున్నారు. సీటు చూస్తే జానెడు వెడల్పు, అదీ ముందుకి వాలు. చీర చక్రంలో పడకుండా బిగించే కమ్మీ ఏదని వంగి చూశాను. లేదు. షోరూములో అడగకుండానే తీసేశారు, లుక్ పోతుందట! పైట బాగా దోపుకోమని చెప్పి మెల్లిగా కదిలాను.

వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆవిడ జారారు. నా నడుం పట్టుకున్నారు కాబట్టి పడలేదు. ఆపి చూద్దును కదా, కుచ్చిళ్ళు గొలుసుకి బెత్తెడు దూరంలో ఉన్నాయి. ఆవిడ చిన్నగా దిగి, చీర సర్దుకుని, ఇంటికేసి నడవడం మొదలుపెట్టారు. నేను బండి తోసుకుంటూ వెనకాల నడిచాను.

"నీకు బాగుందమ్మా బండి. నువ్వు తిరుగు. నేనింక ఎక్కడికి వెళ్ళాలిలే" అన్నారు గుమ్మంలో చెప్పులు విప్పుతూ.

తిట్టినా బాగుండేది. ఆ 'లే' రెండు రోజులు నన్ను అన్నం తిననివ్వలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ నెలంతా చూశాను. షోరూముకెళ్ళి గట్టిగా అరిచి కమ్మీ వేయించాను. కాళ్ళు పెట్టుకోవడానికి పక్కన రేకు వేయించాను. పట్టుకోవడానికి అదనంగా కడ్డీ పెట్టించాను. ఎన్ని చేసినా సీటు వాలు సీటు వాలే, పక్కకి కూర్చున్న మనిషి జారకుండా ఉండదు. కాళ్ళు చెరోవైపూ వేసి కూర్చునే బండి అది, అలాగే తయారుచేశారు. ఇంత లెక్కల టీచర్నై ఉండీ, ఈ చిన్న లెక్క కొనకముందు చేసుకోలేదు. షోరూము బండి మీద ఒక్కదాన్నే తిరిగొచ్చి, రెండు సీట్ల సుఖం తేల్చేశాను.

అడుసు తొక్కింది చాలక ఇంకో పని కూడా చేశాను. "అత్తయ్యగారూ, ఆ ఒక్క పూటకీ చుడీదార్ వేసుకోండి, నాది వదులుగా ఉన్నదొకటుంది" అన్నాను. ఆవిడ బియ్యం ఏరుతున్నారు. తలెత్తలేదు. "డెబ్బై దాటాక నాకు వేషాలు నేర్పుతావుటే అమ్మాయ్" అని మాత్రం అన్నారు. ఆ చేట పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

వెళ్ళాల్సిన రెండు ఆదివారాలూ అలాగే పోయాయి. నెల తిరిగేసరికి చెల్లెలు ఫోన్ చేసింది. ఆవిడకి చెవుడు, అందుకని ఇక్కడా అక్కడా స్పీకర్ పెట్టుకునే మాట్లాడుకుంటారు. వంటింట్లో ఉన్న నాకు ప్రతి మాటా వినబడుతోంది.

"ఏవే అక్కా, ఎల్లుండన్నా వస్తున్నావా? మీ కోడలి బండి పాడైందా ఏవిటి?"

"బండికేం, బాగానే ఉంది. నేనే పాడయ్యాను."

కుళాయి తిప్పేసి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఆ బండంటే నాకు ప్రాణం. గూడెం రోడ్డు మీద పొద్దున్నే దాని మీద వెళుతుంటే ఈ వయసులో ఇంత సంతోషం రాసిపెట్టి ఉందా అనిపించేది. కానీ ఆ సంతోషానికి ఇద్దరు ముసలివాళ్ళు కళ్ళు కాయలు కాయించుకుంటుంటే ఎలా తిరగను?

మర్నాడు సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని, మా బడిలో సైన్సు మేష్టారికి ఫోన్ చేశాను. మొదటి రోజు నుంచీ ఆయన కన్ను ఆ బండి మీదే. "సోమవారం వచ్చి చూసుకోండి మేష్టారూ, ఇచ్చేస్తాను. మా అత్తగారు ఎక్కేలా చిన్న స్కూటరొకటి తీసుకుంటాను" అన్నాను. "అదేవిటండీ టీచరు గారూ, నిక్షేపంలాంటి బండిని!" అన్నాడాయన. కారణం చెప్పే ఓపిక లేక పెట్టేశాను.

ఆదివారం పొద్దున్న ఏడింటికి కాఫీ గ్లాసుతో వీధిలోకి వచ్చాను. మా మావగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. లోపల్నుంచి అత్తగారు వచ్చారు. తొమ్మిది గజాల మడిచీర కట్టుకుని ఉన్నారు, తద్దినాలకీ పూజలకీ కట్టుకునేది. కుచ్చిళ్ళు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి, గోచీ పోసి, నడుం దగ్గర బిగించి దోపారు. పైట కొంగు చుట్టి బొడ్లో దోపారు. ఎక్కడా వేలాడే గుడ్డ లేదు. జడముడి కిందకి వేసుకుని, చేతిలో హెల్మెట్ పట్టుకుని ఉన్నారు.

ఇరవై రెండేళ్ళుగా ఆ చీరలో ఆవిణ్ణి చూస్తున్నాను. ఆ కట్టుతోనే స్టూలెక్కి అటక మీంచి గుండిగలు దింపుతారు, పీట మీద బాసింపట్టు వేసుకుని గంటలు కూర్చుంటారు. ఆ కట్టుకి రెండు కాళ్ళూ విడిగా ఉంటాయన్నది నా మట్టిబుర్రకి ఒక్కనాడూ తట్టలేదు.

మావగారు పేపరు దించారు. "మడికట్టుతో బండేవిటే?" అన్నారు.

"మడి వంటింట్లోనండీ. వీధిలోకొస్తే ఇది చీరే. బండెక్కకూడదని మీ శాస్త్రంలో ఎక్కడుందో చూసి ఉంచండి, సాయంత్రం వచ్చి వింటాను" అన్నారావిడ. మావగారు మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. పేపరు వెనక నవ్వుతున్నారని నాకు తెలుసు.

"చూస్తావేవే, బండి అరుగు పక్కకి తీసుకురా."

తెచ్చాను. అరుగు ఎత్తూ సీటు ఎత్తూ ఇంచుమించు ఒకటే. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, కుడికాలు అటువైపు వేసి, కూర్చున్నారు. అంతే. నెల రోజులు ఇనప రేకులూ కడ్డీలూ బిగించినదాన్ని, నేను నోరు మూసుకుని గేరు వేశాను.

ఊరు దాటి చెరువుల గట్టెక్కాం. రోడ్డుకి రెండువైపులా నీళ్ళు, చేపలకి గాలి అందేలా ఆ నీళ్ళని చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి. ముందు వెళ్ళిన చేపల లారీ నీళ్ళు కారుస్తూ పోయింది, తారు మీద జిగురు. మా వైపు బండి నడిపే ప్రతివాళ్ళకీ ఆ తడంటే భయమే. క్రూయిజర్ మీద ఇలాంటి చోట ఆవిడ బరువంతా ఎడమవైపు లాగేది, నేను కుడికి ఒంగి సరిచేసుకునేదాన్ని. ఈసారి వెనక చక్రం రవ్వంత జారింది, ఆవిడ మోకాళ్ళు నా నడుముకి రెండువైపులా గట్టిగా బిగుసుకున్నాయి, బండి తిన్నగా సాగింది. పదకొండేళ్ళలో మేమిద్దరం ఒకే వైపు చూస్తూ వెళ్ళడం అదే మొదలు.

"ఏవే, ఇంత రోడ్డుంటుందా ముందు!" అని నా చెవిలో అరిచారు. "ఇన్నాళ్ళూ పక్కనున్న చెరువులే చూశాను."

చెల్లెలు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. బండి వాళ్ళ అరుగు పక్కకి చేర్చాను. అక్క దిగి హెల్మెట్ తీసేదాకా ఆవిడ పోల్చుకోలేదు. "అచ్చం అమ్మలా ఉన్నావే" అని ఆ చీర అంచు పట్టుకుని ఏడ్చేసింది. వాళ్ళమ్మ జన్మంతా ఆ కట్టే కట్టిందట. నేను హెల్మెట్లు తుడిచే నెపంతో ఇటు తిరిగాను.

సాయంత్రం తిరిగి వస్తూ గట్టు మధ్యలో తూము దగ్గర ఆగాం. ఆవిడ తూము గోడ మీదకి దిగి మంచినీళ్ళు తాగారు. ఎక్కడానికి ఆ గోడే అరుగని వెళ్ళేటప్పుడే చూసి పెట్టుకున్నారు. నేను "అత్తయ్యగారూ, ఒక్క ఫోన్ చేసుకోవాలి" అన్నాను.

"సైన్సు మేష్టారికేగా. చెయ్యి" అన్నారు.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"నిన్న అరుగు మీద నువ్వన్నదంతా కిటికీలోంచి విన్నాను. నా కోసం నువ్వు బండి దిగిపోతావుటే? ఆ రోజు వీధి వీధంతా అన్నప్పుడు నిన్ను దిగనివ్వలేదు. ఇప్పుడు దిగనిస్తానా? అందుకే నేనే ఎక్కాను."

మేష్టారికి ఫోన్ చేసి, రేపు రావద్దండీ, బండి అమ్మడం లేదు అని చెప్పాను. అప్పటికే ఆవిడ గోడ మీద నిలబడి హెల్మెట్ బిగించుకుంటున్నారు.